జూబ్లీహిల్స్ ట్యాంకుల బీరు, మన లొట్టిల కల్లు

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 ఆ చుట్టుముట్టు, గచ్చిబౌలి దిక్కు, అద్దాల బిల్డింగులల్ల మనిషెత్తు స్టీలు ట్యాంకులు లైట్ల కింద మెరుస్తుంటయ్. మన ఊర్ల పిల్లలు ఆ గేట్ల కాడికి రోజూ వోతరు. కొందరు క్యాబు నడుపుకుంట, కొందరు డెలివరీ బ్యాగు ఏసుకొని, కొందరు అండ్లనే సెక్యూరిటీ డ్యూటీకి. లోపట కాచేది బీరే అని తెలుసు, గని ఆ బీరుకూ మనూరి బెల్టు షాపుల దొరికే బీరుకూ ఫరకేంది, గ్లాసుకు గంత రేటెందుకు అంటే సాఫ్‌గ చెప్పేటోళ్లు తక్కువ. తాగుమని రాస్తలేను, తాగద్దని సుద్దులు చెప్పెతందుకూ రాస్తలేను. అదొక చేతిపని. ఆ పని ఎట్ల జరుగుతది, ఎవల చేతుల ఉంది, అసొంటి పనే మన దగ్గర ఏండ్లకేండ్ల సంది జేస్తున్నోళ్ల గతి ఏమైంది, గది మాట్లాడుకుందం.

దీన్ని క్రాఫ్ట్ బీర్ అంటరు, కాచే జాగను మైక్రోబ్రూవరీ అంటరు. లెక్క సింపుల్. ఫ్యాక్టరీల లక్షల లీటర్లు కాచి, సీసాలల్ల నింపి, లారీల ఎక్కిచ్చి పంపేది పెద్ద బీరు. ఒక హోటలో పబ్బో తన లోపట్నే చిన్న ట్యాంకులల్ల కాచి, అక్కడికక్కడ్నే గ్లాసుల వోసి అమ్మేది క్రాఫ్టు. మన దేశంల ఇది పాత ముచ్చట గాదు. 2010 అటిటు గుర్గావ్, పుణె, బెంగళూరులల్ల మొదలైంది. తెలంగాణ సర్కారు 2015ల మైక్రోబ్రూవరీ రూల్స్ తెచ్చినంకనే హైదరాబాద్‌ల తలుపులు తెరుచుకున్నయ్. ప్రోస్ట్, వేపర్, బ్రాడ్‌వే, ఓవర్ ద మూన్, జీరోఫార్టీ అసొంటి పేర్లు తర్వాత వినవడ్డయ్. జీరోఫార్టీ అంటే మన పట్నం ఎస్టీడీ కోడే, 040. ప్రోస్ట్ అంటే జర్మనోళ్లు గ్లాసులు తాకిచ్చుకుంట అనే మాట. అది బెంగళూరు నుంచి వచ్చింది, వేపర్ గుర్గావ్ నుంచి వచ్చింది. అంటే మన పట్నం బీరు అని బోర్డు మీద రాసుకున్నా, పెట్టుబడి, రెసిపీ చానసార్లు బయటి నుంచే దిగుతయ్.

ఇగ ఎట్ల కాస్తరో చూద్దం. నాలుగే సరుకులు: నీళ్లు, మాల్టు, హాప్సు, ఈస్టు. మాల్ట్ అనంగనే పరేషాన్ గావద్దు. చిన్నప్పుడు రాగి మాల్ట్ తాగినం గద, అదే మాల్ట్ ఇది. గింజను నానవెట్టి, మొలకొచ్చేదాంక ఉంచి, మొలక ఇంక పెరగకముందే ఎండవెడ్తరు. మొలకొచ్చేటప్పుడు గింజల ఒక రసాయనం తయారైతది, ఎంజైమ్ అంటరు. అది పిండిని చక్కెరగ మారుస్తది. రాగులకు జరిగేదే బార్లీకి గూడ జరుగుతది. మన దేశంల బార్లీ ఎక్కువగ రాజస్థాన్, యూపీ, హర్యానా దిక్కు పండుతది.

ఆ మాల్టును బరకగ పట్టి, 65 డిగ్రీల అటిటు వేడి నీళ్లల్ల ఒక గంట సేపు ఉంచుతరు. గట్క కలిపినట్టే, గని ఉడకనియ్యరు. మరీ వేడైతే ఎంజైమ్ సచ్చిపోతది, సల్లగుంటే పని జెయ్యది. గంటైనంక నీళ్లు తియ్యగైతయ్. ఆ తియ్యటి నీళ్లను వడగట్టి గంట, గంటన్నర మరగవెడ్తరు. మరిగేటప్పుడే హాప్సు ఏస్తరు. హాప్సు ఒక తీగె పువ్వు. బీరుకు చేదు దాన్నించే వస్తది, తొందరగ పాడు గాకుండ ఆపేది గూడ అదే. ఆ తీగెకు చలి గావాలె, ఎండకాలంల పొద్దు మస్తు పొడుగుండాలె. అందుకే మన దగ్గర పండది. హిమాచల్‌ల లాహౌల్ లోయల కొంత పండిచ్చిండ్రు. ఇప్పుడు మన పబ్బులకు వచ్చేదాంట్ల చానవరకు జర్మనీ, అమెరికా సరుకే.

మరిగిన రసాన్ని సల్లార్చి ఈస్టు కలుపుతరు. ఇడ్లీ పిండి రాత్రికి పొంగినట్టు ఇది గూడ పనికెక్కుతది. ఈస్టు చక్కెరను తిని రెండు ఇస్తది: ఆల్కహాలు, గ్యాసు. ఇక్కడ్నే రెండు తొవ్వలు చీల్తయ్. 18 నుంచి 22 డిగ్రీల వేడిల వారం పది దినాలల్ల తయారయ్యేది ఏల్. 10 డిగ్రీల అటిటు చల్లదనంల వారాలకు వారాలు ఆగి తయారయ్యేది లాగర్. సీసాలల్ల మనం చూసే బీరు దగ్గర దగ్గర అంతా లాగరే. పబ్బు ట్యాంకులల్ల ఏల్ ఎక్కువ. ఎందుకంటే జాగ కిరాయి ఎక్కువ, ట్యాంకు ఎంత జల్ది ఖాళీ అయితే అంత లాభం. రుచి ముచ్చట తర్వాత, మొదలు కిరాయి లెక్క.

ఒకడుగు ఎనుకకు వోదం. 1516ల జర్మనీల బవేరియా రాజులు ఒక చట్టం జేసిండ్రు: బీరుల నీళ్లు, బార్లీ, హాప్సు తప్ప ఏదీ కలపొద్దని. దీన్ని పబ్బు గోడల మీద గొప్పగ రాసుకుంటరు, స్వచ్ఛత చట్టమని. ఆ కాగితంల రాయని సంగతేందంటే, అదే చట్టంల బీరు రేటు ఇంతకు మించొద్దని గూడ ఉంది. గోధుమలు రొట్టెకు గావాలె, బీరులకు వోతే జనానికి తిండి తక్కువైతదన్న లెక్క గూడ దాని ఎనుక ఉంది. తమాషా ఏందంటే, తర్వాత ఆ గోధుమ బీరు కాచే హక్కును ఆ రాజులే తమ చేతుల పెట్టుకున్నరు. జనానికి బార్లీ, దొరలకు గోధుమ.

గిప్పుడు గా గోధుమ బీరే మన పట్నంల ఎక్కువ నడుస్తది. మెనూల హెఫెవైజెన్ అని ఉంటది. మసకమసకగ ఉంటది, పాడైందనుకోవద్దు, దాని తీరే గంత. అరటిపండు వాసన, కొంచెం లవంగం వాసన వస్తది. అరటి గాని లవంగం గాని అండ్ల కలపరు, ఆ వాసనలు పుట్టిచ్చేది ఈస్టే. విట్‌బియర్ అని ఇంకోటుంటది, బెల్జియమోళ్ల గోధుమ బీరు. అండ్ల మాత్రం నిజంగనే ధనియాలు, నారింజ తొక్క ఏస్తరు. ధనియాలు అనంగనే మన నాలికెకు ఎరుకైన రుచే. స్టౌట్ అంటే నల్లటిది, బాగ వేంచిన బార్లీతోటి చేస్తరు, కాఫీ లెక్క చేదు. నల్లగుంటే కిక్కు ఎక్కువ అనుకుంటరు, ఉత్త భ్రమ. రంగు వేంచుడుతోటి వస్తది, కిక్కు చక్కెరతోటి వస్తది.

ఐపీఏ అని ఒకటుంది. ఇండియా పేల్ ఏల్. పేరుల ఇండియా ఉందని ఖుషీ గావద్దు. కంపెనీ కాలంల లండన్ కాడి నుంచి ఓడలల్ల మన రేవులకు వచ్చి, ఇక్కడి తెల్ల సిపాయిలు, తెల్ల ఆఫీసర్లు తాగిన బీరు అది. నెలలకు నెలలు సముద్రం మీద పాడు గావద్దని హాప్సు దండిగ ఏసెటోళ్లు, అందుకే గంత చేదు. మన దేశం పేరు పెట్టిండ్రు గని మన కోసం కాచింది గాదు. ఇంకో సంగతి తెల్సుకోండ్రి: మన దేశంల తెల్లోళ్లు పెట్టిన మొదటి బీరు ఫ్యాక్టరీలల్ల పేరుమోసింది హిమాచల్‌లోని కసౌలీది. పెట్టినాయన ఎడ్వర్డ్ డయ్యర్. జలియన్‌వాలా బాగ్‌ల కాల్పులు జరిపిచ్చిన జనరల్ డయ్యర్ ఈయన కొడుకే. బీరు గ్లాసు ఎనుక గింత చరిత్ర ఉంటది.

ఎవలన్న దోస్తు దావత్ ఇచ్చి ఆ పబ్బులకు తీస్కపోతే, పెద్ద గ్లాసు చెప్పకముందే శాంప్లర్ అడుగుండ్రి. చిన్న చిన్న గ్లాసులల్ల నాలుగైదు రకాలు తెచ్చి పెడ్తరు. తెల్లటి దాన్నించి నల్లటి దాని దిక్కు, చేదు తక్కువున్న దాన్నించి ఎక్కువున్న దాని దిక్కు రావాలె. ముందుగాల్నే ఐపీఏ తాగితే మిగిలినయన్నీ సప్పగ అనిపిస్తయ్. పాప్‌కార్న్ అసొంటి వెన్న వాసన వస్తే ఈస్టు పని పూర్తి గాకముందే ట్యాంకు తెరిచిండ్రన్నట్టు. పులుపు ఉండొద్దన్న కాడ పులుపుంటే పైపులు కడుగలేదన్నట్టు. ఇయ్యి అడిగితే ఎయిటర్ తమ్ముడు కండ్లు పెద్దగ జేస్తడు, జెయ్యనియ్యి. అంత పైసలు గుంజినప్పుడు అడిగే హక్కు ఉంటది. ఒక గ్లాసుకు ట్యాక్సులు గలుపుకొని చాన చోట్ల మూడు వందల పైమాటే. ఉపాధి హామీ కూలి ఒక దినానిది ఒక గ్లాసుకు సరిపోదు.

గంత రేటెందుకంటే బీరు కాచుడు ఖర్చు ఒక్కటే గాదు. ట్యాంకులు, ఏసీ, ఆ ఏరియా కిరాయి, లైసెన్సు ఫీజు, ట్యాక్సులు, అన్నీ గ్లాసు మీదనే వడ్తయ్. సీసా బీరు తొవ్వ వేరు. తెలంగాణల ఏ కంపెనీ సీసా అయినా సర్కారు బేవరేజెస్ కార్పొరేషన్ కొన్నంకనే షాపులకు వోవాలె, కంపెనీకి ఇచ్చే ధర సర్కారే పెడ్తది. 2025 జనవరిల కింగ్‌ఫిషర్ కంపెనీ ధర పెంచుతలేరు, బాకీలు ఇస్తలేరు అని సరఫరా బందు వెట్టింది. కొన్ని దినాలకు మల్ల మొదలువెట్టింది, ఫిబ్రవరిల సర్కారు 15 శాతం పెంచింది. మధ్యల పట్నంల జనం బీర్లు దొరుకుతలెవ్వని లొల్లి జేసిండ్రు. ఒక కంపెనీ, ఒక కార్పొరేషన్ కొట్లాడుకుంటే రాష్ట్రమంతా ఎండిపోయే తీరు అది. పబ్బు ట్యాంకుకు ఈ లొల్లి లేదు, తనే కాస్తది, తనే రేటు పెట్టుకుంటది.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. మన ఊర్లల్ల పోరగాండ్లు "బీరే గదనే, మందు గాదు" అంటరు. ఈ మాట ఎన్ని ఇండ్లల్ల విన్ననో. లెక్క చూడుండ్రి. సీసా మీద శాతం రాసి ఉంటది. స్ట్రాంగ్ బీరుల 8 శాతం దాంక ఉంటది. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. అంటే అండ్ల ఉత్త ఆల్కహాలు 52 మిల్లీలీటర్లు. విస్కీ 42.8 శాతం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గుల ఉత్త ఆల్కహాలు 13కు కొంచెం తక్కువ. అంటే ఒక్క స్ట్రాంగ్ సీసా నాలుగు చిన్న పెగ్గులకు సమానం. రెండు సీసలు తాగి బండి తీసినోడు ఎనిమిది పెగ్గులు కొట్టి బండి తీసినట్టే. పబ్బుల 5 శాతం గోధుమ బీరు 330 మిల్లీలీటర్ల గ్లాసు అయితే ఒక పెగ్గు కంటె కొంచెం ఎక్కువ. పైసలున్నోళ్లు తక్కువ కిక్కున్నది నిమ్మలంగ తాగుతుండ్రు, పైసలు లేనోళ్లకు తక్కువ పైసలకు ఎక్కువ కిక్కున్నది అమ్ముతుండ్రు. మన దేశంల అమ్ముడయ్యే బీరుల ఎక్కువ భాగం స్ట్రాంగే. బండి మీద ఉంటే చట్టం చెప్పే హద్దు 100 మిల్లీలీటర్ల నెత్తురుల 30 మిల్లీగ్రాములు. మన రాష్ట్రంల 21 ఏండ్లు నిండనోళ్లకు ఏదీ అమ్మొద్దు, బెల్టు షాపోడు అమ్మినా సరే, అది నేరమే.

క్రాఫ్ట్ అంటే చేతి నేర్పు అని పబ్బులోళ్లు చెప్తరు. నేర్పే అయితే గౌడన్నల కంటె నేర్పున్నోళ్లెవలు? మోకు, ముత్తాదు కట్టుకొని రోజూ చెట్టెక్కుతరు, తప్పిపోతే నడుము ఇరుగుతది, పాణమే వోతది. గెలను ఎంత సన్నగ గీయాలె, ఎప్పుడు గీయాలె, ఏ కాలంల ఏ చెట్టు పారుతది, పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు, ఈత, ఏది ఎప్పుడు అన్నది పుస్తకంల ఉండది, చేతులల్ల ఉంటది. లొట్టిల చుక్క వడంగనే గాలిల, లొట్టిల ఉన్న ఈస్టు పని మొదలువెడ్తది. ఎవలూ ప్యాకెట్టుల కొనుక్కచ్చి కలుపరు. ఈస్టుతోటి బ్యాక్టీరియా గూడ పనిజేస్తది, అందుకే పొద్దుగాల తియ్యగున్న కల్లు పొద్దుమీకి పులుస్తది. లొట్టికి సున్నం రాస్తే ఆ పని ఆగుతది, అప్పుడు అది నీరా.

గిట్లనే బెల్జియంల బ్రసెల్స్ చుట్టుముట్టు లాంబిక్ అని ఒక బీరు కాస్తరు. వాళ్లు గూడ ఈస్టు కలుపరు. మరిగిన రసాన్ని రాత్రంతా తెరిచి పెట్టి, గాలిల ఉన్న ఈస్టు తనంత తాను దిగేటట్టు జేస్తరు. దాన్ని ప్రపంచమంతా గొప్ప అంటది, రేట్లు గూడ అట్లనే ఉంటయ్. 2016ల యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవ వారసత్వం లిస్టుల చేర్చింది. రెండు పనుల సూత్రం ఒక్కటే. అక్కడ వారసత్వం, మన దగ్గర? కల్లు తాగేటోడంటే ఇప్పటికీ మొఖం తిప్పుకుంటరు. హైదరాబాద్‌ల కల్లు కంపౌండ్లను ఏండ్లకేండ్లు మూసి పెట్టిండ్రు, రాష్ట్రం వచ్చినంక 2014ల మల్ల తెరిచిండ్రు. మూసిన కాలంల కల్లు మాత్రమే పోయిందా? గీసే పని పోయింది, ఆ చెట్ల పానం మీద బతికే ఇండ్లు ఆగమైనయ్.

తెరిచినా తిప్పలు తప్పలె. పట్నానికి గావాల్సినంత కల్లు చెట్ల మీద లేదు. లేని కాడ కల్తీ దూరుతది. అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అసొంటి మందులు కలిపి నీళ్లను కల్లు అని అమ్ముతరు. 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి పలువురు సచ్చిపోయిండ్రు, ఇంకా ఎందరో దవాఖాన్ల వడ్డరు. సచ్చినోళ్లు అడ్డా కూలీలు, చిన్న చిన్న పనులు జేసుకునేటోళ్లు. వాళ్ల పేరు మీద గౌడ్లందర్నీ బద్నాం జేసుడు మొదలైంది. కల్తీ జేసినోన్ని ఇడిసిపెట్టి చెట్టెక్కేటోని మీద వడ్డరు. జూబ్లీహిల్స్‌ల బీరు ఏ ట్యాంకుల కాచిండ్రో, ఏ రోజు కాచిండ్రో చెప్పెతందుకు మనిషి ఉంటడు. కూకట్‌పల్లి కంపౌండుల ఆ కల్లు ఏ చెట్టుదో అడిగే తొవ్వ ఉందా? కంపౌండు కాడికి చెట్ల నుంచి ఎంత దిగింది, అమ్మింది ఎంత అన్న లెక్క రోజూ బోర్డు మీద రాస్తే చాలు, సగం దొంగతనం దొరుకుతది. పారే కల్లు కంటె అమ్మిన కల్లు ఎక్కువుంటే మిగిలింది ఎక్కడిదో చిన్న పోరడు గూడ చెప్తడు.

సర్కారు ఏం జేయలేదని గాదు. 2021 నుంచి వైన్స్ షాపుల లాటరీల గౌడ్లకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం పెట్టింది. నెక్లెస్ రోడ్డు మీద 2023ల నీరా కేఫ్ తెరిచింది. 2024 జులైల కాటమయ్య పేరు మీద చెట్టెక్కేటోళ్లకు రక్షణ కిట్లు ఇచ్చుడు మొదలువెట్టింది. ఇయ్యన్నీ మంచివే. గని ఆ రిజర్వేషన్ సీసాలు అమ్ముకునే షాపుకే, కాచే లైసెన్సుకు గాదు. అమ్ముడు వేరు, తయారు జేసుడు వేరు. టీసీఎస్ సొసైటీలు ఊరూరికీ ఉన్నయ్. ఒక సొసైటీ పట్నంల తన కల్లును శుభ్రంగ, పరీక్ష కాగితంతోటి, చల్లగ, గ్లాసుల వోసి ఎందుకు అమ్మొద్దు? పొయ్యేటందుకు సడక్ ఉంది, చల్లగ ఉంచెతందుకు మిషన్లు ఉన్నయ్. పులుసుడు ఆపాల్నంటే చల్లదనం సాలు. పబ్బులోళ్లు జర్మనీ నుంచి పువ్వు తెప్పిచ్చుకుంటుంటే, మనం చౌటుప్పల్ నుంచి కల్లు తెచ్చుకోలేమా?

జొన్న సంగతి గూడ చూద్దం, ఎందుకంటే రైతుకు సంబంధం అక్కడ ఉంది. నైజీరియా 1988ల బార్లీ దిగుమతి బందు వెట్టింది. బీరు కంపెనీలు మొదలు ఏడ్చినయ్, తర్వాత జొన్నకు, మక్కకు మళ్లినయ్. నిషేధం ఎత్తేసినంక గూడ అక్కడ జొన్న పోలె. ఆఫ్రికాల ఊర్లల్ల ఆడోళ్లు జొన్న బీరు కాచుడు ఎన్నటి సందో ఉంది. జొన్నకు బార్లీ లెక్క పొట్టు ఉండది గనుక వడగట్టుడు కొంచెం కష్టం, పిండి ఉడికెతందుకు వేడి ఎక్కువ గావాలె. అంతే గని గాని పని గాదు. జహీరాబాద్, ఆదిలాబాద్ దిక్కు పండే జొన్నను పట్నం ట్యాంకులు అడిగితే రైతుకు ఇంకో గిరాకీ దొరుకుతది. మరి నీళ్లో అంటరా, ఆ ప్రశ్న సక్కనిదే. మంచిగ నడిపే పెద్ద ఫ్యాక్టరీల ఒక లీటరు బీరుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు వడ్తయ్, చిన్నయాట్ల ఇంకా ఎక్కువ, ఎక్కువగ కడుగుడుకే వోతయ్. బోర్లు ఎండిన కాలంల ఈ లెక్క అడుగకుంట ఏ బ్రూవరీకి గూడ చప్పట్లు కొట్టద్దు. ఇంకోటి, మాల్టు పిండినంక మిగిలే పిప్పి. 100 లీటర్ల బీరుకు దగ్గర దగ్గర 20 కిలోల తడి పిప్పి వస్తది. బర్లకు అది మంచి దాణా, గని ఒకటి రెండు దినాలల్లనే పులుస్తది. పట్నం చుట్టుముట్టు పాడి ఉన్నోళ్లు ఈ పబ్బుల కిచెన్ మేనేజర్లను కలిసి అడిగి చూడుండ్రి, కొన్ని చోట్ల దాన్ని ఎట్ల పారెయ్యాల్నో తెల్వక తిప్పలు వడ్తరు.

ఆఖరుకు కొలువు ముచ్చట. ఈ ట్యాంకులు నడిపేటోన్ని బ్రూవర్ అంటరు. మన జిల్లాల డిగ్రీ కాలేజీలల్ల మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ సదివి ఇంట్ల కూసున్న పిల్లలు మస్తుమంది ఉన్నరు. ఈ పని వాళ్లదే. పుణెల వసంతదాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌ల ఆల్కహాల్ టెక్నాలజీ కోర్సులున్నయ్. లండన్ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ పెట్టే జనరల్ సర్టిఫికెట్ పరీక్షను మన దేశంల నుంచే రాసేటోళ్లున్నరు. మొదలు హెల్పర్‌గ చేరి, ట్యాంకులు, పైపులు కడుగుకుంట నేర్చుకున్నోళ్లు గూడ ఉన్నరు. బ్రూవర్ పనిల సగం కంటె ఎక్కువ కడుగుడే. ఆడపిల్లలు ఈ పనికి వద్దనే మాట ఎవలన్న అంటే, ఆఫ్రికా ఊర్ల ఆ ఆడోళ్ల సంగతి చెప్పుండ్రి. ఇంటర్వ్యూకు వోయినప్పుడు పొద్దుగాల కల్లు తియ్యగ, పొద్దుమీకి పుల్లగ ఎందుకైతదో చెప్పగలిగితే, ఈస్టు గురించి మీకు సగం వచ్చినట్టే లెక్క. ఆ సంగతి గౌడన్నల ఇండ్లల్ల పుట్టినోళ్లకు ఎవలూ నేర్పాల్సిన పని లేదు.